నరం కనబడే చేతులు

జాయ్ ఎడమ చేతి మీద సుష్మిత మళ్లీ స్పిరిట్ దూది రుద్దుతుంటే చౌడేశ్వరి ప్రాక్టీసు హాలు తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల మోచేతి మడతలో పాత పోట్ల మచ్చలు పసుప్పచ్చగా ఉన్నాయి, కొత్తవి వంకాయ రంగులో ఉన్నాయి. వాటి మధ్య ఇంకా తడారని ఎర్రటి చుక్క ఒకటి. జాయ్ ఫస్టియర్. యాడికి అనే ఊరి దగ్గర పల్లె వాళ్లది. నాయన ఐజాక్ కూలికి పోతాడు, సెలవులు వస్తే ఈ పిల్లా పోతుంది. కలుపు తీసీ బిందెలు మోసీ గట్టిపడిన సన్నటి చేతులు. రబ్బరు పట్టీ కట్టకముందే నరం పైకి తేలి కనబడుతుంది. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదివేవాళ్లకు అట్లాంటి చెయ్యి దొరికితే వదులుతారా?

"ఒక్కటే పోటు జాయ్, అయిపోతాది. నొప్పి లేదు గదా?" అంది సుష్మిత.

"లేదక్కా," అంది జాయ్. రెండో చేతిలో సగం తిన్న ఎగ్ పఫ్ ఉంది. కొనిచ్చింది సుష్మితే. వెనక ఇంకో ముగ్గురు థర్డియర్ వాళ్లు సిరంజిల కవర్లు చించుకుని నిలబడ్డారు. అందరి మొహాల్లో బస్సు కోసం నిలబడ్డవాళ్ల ఓపిక ఉంది.

గుచ్చడం నేర్చుకోవడానికి రబ్బరు చెయ్యి ఆ హాల్లో లేకపోలేదు. గాజు బీరువాలో ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా పడుకుని ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు బయటికి తీసి బల్ల మీద పెడతారు, వచ్చినవాళ్లు పోగానే తుడిచి మళ్లీ తాళం వేస్తారు. అంత అపురూపంగా ఆ డిపార్ట్‌మెంటులో ఇంకే చేతినీ చూసుకోరు.

చౌడేశ్వరి తన చున్నీని మోచేతి మీదికి లాక్కుంది. ఇప్పుడు జాయ్ కూర్చున్న కుర్చీలో ఫస్టియర్‌లో కూర్చున్నది తనే. ముదిగుబ్బ అవతల గొర్రెల వెంట తిరిగిన చేతులు ఆమెవి. ఈ బ్యాచిలో సగం మంది సూది పట్టడం ఆ చేతుల మీదే నేర్చుకున్నారు.

"జాయ్, నువ్వు ఇంతవరకు ఎవరికన్నా గుచ్చినావా?" అని అడిగింది.

అడగకూడనిది అడిగినట్టు ఆ పిల్ల సుష్మిత వైపు చూసింది. "నాకింకా వంతు రాలేదక్కా."

"ఆ పిల్ల చేతికి యెవరు చెయ్యి పెడతారే? సూది పట్టుకుంటే వణుకుతాది," అంది సుష్మిత నవ్వుతూ. చెడ్డ మనిషి కాదు సుష్మిత. బొద్దుచేతులు, గాజులు మోచేతి దాకా ఎక్కవు. ఆమె చేతిలో నరం వెతకడం కంటే ఊరుకోవడం మేలని అందరూ ఒప్పుకుంటారు.

"గుచ్చితే గదా వణుకు పోయేది."

"అబ్బా, నువ్వు మొదలుపెట్టొద్దు. సోమవారం పరీక్ష పెట్టుకొని ఇప్పుడా?"

వచ్చే సోమవారం థర్డియర్ వాళ్లకు, అంటే చౌడేశ్వరికి కూడా, కలెక్షన్ పరీక్ష. మేడం ముందర నిలబడి మనిషి చేతిలోంచి శాంపిల్ తియ్యాలి. తప్పితే ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు వెనక్కి పోతుంది. సుష్మిత సూది దింపింది. సిరంజిలోకి రక్తం వచ్చింది. జాయ్ పఫ్ కొరికింది. చౌడేశ్వరి బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రమే ఆమె స్టూడెంట్ సొసైటీ ప్రెసిడెంటు పోటీకి పేరిచ్చింది. ప్రెసిడెంటు అంటే పెద్ద పదవేం కాదు. టీచర్స్ డే నాడు పూలగుచ్ఛం ఇవ్వాలి, క్యాంపులకు బస్సు మాట్లాడాలి. అయితే ప్రాక్టీసు హాలు తాళం ప్రెసిడెంటు దగ్గర ఉంటుంది, ఎవరు ఎవరితో జతగా కూర్చోవాలో ప్రెసిడెంటే రాసి మేడంకు ఇస్తాడు. చౌడేశ్వరికి కావలసింది ఆ ఒక్కటే. ఇద్దరిద్దరు జతలు. ఒకరికి గుచ్చినవాళ్లు ఆ మనిషి చేత గుచ్చించుకోవాలి. నరం కనబడినా సరే, కనబడకపోయినా సరే.

"బాగుండాది మాట," అన్నాడు ఓబుళేసు క్యాంటీన్‌లో టీ ఊదుకుంటూ. ఆమె క్లాసువాడే, ఆమె పేరు ప్రతిపాదించింది అతనే. "కానీ సులభంగా గెలిచేదానికి ఇంకేమన్నా చెప్పు. టూరు పోదామని చెప్పు."

"టూరు ముఖేష్ చెప్తాడులే."

"చెప్పినాడు గూడా. గండికోటంట," అన్నాడు ఓబుళేసు.

మర్నాడు పొద్దున్నే డిపార్ట్‌మెంటు హెడ్ అనుపమ మేడం పోటీకి నిలబడ్డ ఇద్దరినీ, చౌడేశ్వరినీ ముఖేష్‌నూ పిలిపించింది. మేడం బల్ల మీద అటొక గుట్ట ఇటొక గుట్ట ఫైళ్లు, మధ్యలో మూత తీసిన టిఫిన్ బాక్సు. ఉప్మా ఎండిపోయి ఉంది. ముఖేష్ ముందే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పుట్టపర్తిలో వాళ్లకు మందుల అంగడి. తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా, ఎవరితోనైనా మెల్లిగా మాట్లాడే అలవాటు.

"ఎందుకమ్మా పోటీ? ఏకగ్రీవం చేసుకోండి. ఇన్నేళ్లూ అట్లే జరిగింది. పోటీ అంటే గోల, గోల అంటే పైనుంచి నాకు ఫోన్లు. ముఖేష్ ప్రెసిడెంటు, నువ్వు జాయింట్ సెక్రటరీ. అతను ఒప్పుకున్నాడు," అంది మేడం.

"జాయింట్ సెక్రటరీకి హాలు తాళం ఇస్తారా మేడం?"

మేడం కళ్లద్దాలు తీసి ముక్కు మీది గుంటలు నొక్కుకుంది. "నువ్వు అనేది నాకు తెలుసు. తప్పని అనను. కానీ వీళ్లందరూ పరీక్షలో శాంపిల్ తియ్యాల గదా. తియ్యకపోతే నన్నడుగుతారు. దొరికే చేతుల మీదే నేర్చుకుంటారు."

"దొరికే చేతులు యెవరివి మేడం?"

మేడం కోప్పడుతుందేమో అనుకుంది చౌడేశ్వరి. కోప్పడడానికి కూడా ఆవిడకు ఓపిక లేనట్టుంది. టిఫిన్ బాక్సుకు మూత పెట్టి, "శుక్రవారం మధ్యాహ్నం, పెద్ద క్లాసురూములో. పెట్టెలూ చీటీలూ నావల్ల కాదు, చేతులెత్తితే సరిపోతుంది," అంది.

వరండాలో ముఖేష్ ఆమె పక్కన నడిచాడు. "నాకు నీ మీద కోపమేం లేదు చౌడేశ్వరీ. మా నాయన అంగడికి వచ్చినోళ్లకందరికీ చెప్పేసినాడు, మావాడు ప్రెసిడెంటు అని. ఇప్పుడు నేను తగ్గితే ఆయన తల యాడ పెట్టుకుంటాడు?"

"అది మీ నాయనకు నువ్వు చెప్పుకోవాల."

"అంతేలే," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "నేను మొట్టమొదట శాంపిల్ తీసింది నీ చేతిలోనే. మర్చిపోలేదు. ఎవరడిగినా చెప్తా."

పొగడ్త అనుకునే అన్నాడు పాపం. ఆ మాట మధ్యాహ్నం దాకా చౌడేశ్వరిని వదల్లేదు. తననెవరన్నా అడిగితే మొదట ఎవరి చేతిలో తీశానని చెప్పాలి? పేరు చెప్పడానికి ఒక్క చెయ్యీ గుర్తుకు రాలేదు.

బుధవారం ముదిగుబ్బ వైపు ఒక పల్లెలో వైద్య శిబిరం. యూనివర్సిటీ బస్సు కిటికీలోంచి వేడిగాలి, దుమ్ము. రోడ్డుకు రెండు పక్కలా వేరుశనగ మోకాలెత్తు కూడా లేవక ఆకు ముడుచుకుని ఉంది. విత్తనం వేసినప్పుడు ఒక వాన, తర్వాత లేదు. బస్సులో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడేదేముంది, ప్రతి ఏడూ చూసేదే.

బడి వరండాలో బల్లలు వేశారు. షుగరు, హిమోగ్లోబిన్ చూస్తారంటే ఊరి ముసలివాళ్లంతా పొద్దున్నుంచి గోడనానుకుని కూర్చున్నారు. మేడం కలెక్షన్‌కు ముగ్గుర్ని పెట్టింది, అందులో చౌడేశ్వరి, ముఖేష్ ఉన్నారు. ఎన్నిక ముందు ఇద్దరికీ సమానంగా పని ఇద్దామని మేడం ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

మొదటి ఇద్దరు వయసులో ఉన్న మగవాళ్లు, నరాలు కనబడ్డాయి. ఎట్లాగో తీసింది. మూడో మనిషి ఓబమ్మ అనే ముసలామె. చెయ్యి ఎండిపోయి, తోలు వదులై ఉంది. పట్టీ కడితే నరం తేలినట్టే తేలి వేలు పెట్టగానే పక్కకు జారిపోతోంది. చౌడేశ్వరి చెమట తుడుచుకుని సూది దింపింది. రాలేదు. కొంచెం వెనక్కి లాగి పక్కకు తిప్పింది. రాలేదు. ఇంకో చోట గుచ్చింది. అక్కడ ఉబ్బింది.

ఓబమ్మ అరవలేదు. తన చేతిని తనే వింతగా చూసుకుంది. "ఏమ్మే పాపా, బోర్లు ఏసినట్టు ఏస్తాండావే. ఆడొకటి, ఈడొకటి. మా పెద్దోడూ ఇట్లే ఏసినాడు చేన్లో. చుక్క పడలే."

వరండా మొత్తం నవ్వింది. ముసలివాళ్లు నోరారా నవ్వారు, స్టూడెంట్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. చౌడేశ్వరి కూడా నవ్వడానికి ప్రయత్నించింది. చేతులు వణుకుతున్నాయి. "క్షమించవ్వా, ఇంకొక్కసారి," అంది.

"నేను చూస్తానుండు," అంటూ ముఖేష్ వచ్చాడు. ఎగతాళి చెయ్యలేదు. స్టూలు లాక్కుని ముసలామె ముందు కూర్చున్నాడు, "ఏమవ్వా, అన్నం తిన్నావా?" అని అడుగుతూ మణికట్టు పైన వేళ్లతో తట్టాడు. నరం మీది తోలు బిగబట్టి పట్టుకుని, సూదిని దాదాపు పడుకోబెట్టి, తొందర లేకుండా లోపలికి పోనిచ్చాడు. రక్తం వచ్చింది.

"ఈ పిల్లోడు పాయింటు చూసి ఏసినాడు," అంది ఓబమ్మ సంతోషంగా. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లుండే చోటు చెప్పేవాళ్లను తలుచుకుని జనం మళ్లీ నవ్వారు.

చౌడేశ్వరి ముసలామె చేతి మీద ఉబ్బిన చోట దూది పెట్టి నొక్కుతూ ముఖేష్ వేళ్లనే చూసింది. ఆ నిదానం, సూదిని పడుకోబెట్టే ఆ తీరు ఆమెకు బాగా తెలుసు. ఎన్ని మధ్యాహ్నాలు తప్పి తప్పి నేర్చుకున్నాడో, ఎక్కడ నేర్చుకున్నాడో ఆమెకు తెలిసినంతగా అతనికే తెలియదు. అతను నేర్చుకున్నాడు, ఆమె నేర్చుకోలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గరే కూర్చున్నారు మరి.

మేడం ఆమెను లేపి పేర్లు రాసే పనికి పంపింది. తిరుగు బస్సులో వెనక సీటు నుంచి ఎవరో బోరు వేసే రిగ్గు లారీ చప్పుడు చేశారు. "యాడ దింపాల రిగ్గు?" అని ఇంకొకరు. సాయంత్రానికల్లా హాస్టల్ మెస్సులో కూడా ఆమె పేరు రిగ్గు అక్క అయిపోయింది.

గురువారం సాయంత్రం ఓబుళేసు క్యాంటీన్ బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "థర్డియర్ వాళ్లు నీకు ఎయ్యరు, వదిలెయ్. సెకండియర్ సగం సగం. ఫస్టియర్‌లో కూలోళ్ల పిల్లలే ఎక్కువ. వాళ్లంతా నీకే. పొయ్యి ఒకసారి మొహం చూపించు."

ఫస్టియర్ అమ్మాయిల హాస్టల్ గదిలో మంచాల మీద పిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. కిటికీ ఊచలకు తడిబట్టలు వేలాడుతున్నాయి. చౌడేశ్వరి తన జతల మాట చెప్పింది. కళ్లద్దాల పిల్ల ఒకతె అడిగింది.

"అక్కా, నాకు సుష్మితక్క మాదిరి నరం కనబడని జత వచ్చిందనుకో. నాకెట్ల వస్తాది నేర్చుకునేది?"

"ఆస్పత్రిలో నీకు కనబడే నరాలే వస్తాయా?"

"అది నిజమే," అని ఆ పిల్ల ఒప్పుకుంది. మళ్లీ, "అక్కా, నీకే రాదంట గదా?" అంది. పొడవడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.

చౌడేశ్వరి ఆ పిల్ల వైపు తిరిగింది. "రాదు. ఫస్టియర్ అంతా కుర్చీలో కూర్చున్నా. సెకండియర్‌లో సూది అడిగితే, నీ చెయ్యి బాగుండాది, నువ్వే కూర్చో అన్నారు. ఎవరో ఒకరికి కూర్చుంటానే ఉంటిని. అందుకే రాదు."

పిల్లలు తలలూపారు. ఆ తలూపడంలో జాలి ఎంతో, ఒప్పుకోలు ఎంతో ఆమెకు తెలియలేదు. జాయ్ మూల మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఫుల్‌హ్యాండ్స్ నైటీ వేసుకుంది. చౌడేశ్వరి లేచేటప్పుడు వెనకాలే వచ్చి మెట్ల దగ్గర బాటిల్‌తో నీళ్లిచ్చింది.

"గొంతు ఎండిపోయినాది గదక్కా, తాగు."

చౌడేశ్వరి తాగి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. అడగవలసిన పని లేదనుకుంది. ఎవరు ఎటు పోయినా ఈ పిల్ల తనవైపే. అసలు ఈ పోటీ అంతా ఈ పిల్ల చెయ్యి చూసే కదా.

గదికి పోయేదారిలో నాయన ఫోన్ చేశాడు. నాయన పేరు బయ్యన్న, మాటలు తక్కువ. ఓబుళేసు ఎవరి ద్వారానో విషయం ఊరికి చేరవేసినట్టున్నాడు.

"ఏందో ఎలచ్చన్లో నిలబడినావంట?"

"అవు నాయనా."

"గెలిస్తే ఏమిస్తారు?"

"ఏమీ ఇయ్యరు."

అవతల గొర్రెలు అరుస్తున్నాయి. "మరి ఎందుకుమ్మా?" అన్నాడు. చెప్పాలని నోరు తెరిచింది. కుర్చీ, చెయ్యి, సూది, వంతు, ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలి? "ఊరికే నాయనా," అంది. ఆయన సరేలే అన్నాడు. మేత లేదు, పొట్టేళ్లను సంతకు తోలాలి అన్నాడు. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాడు. ఆమెకు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోవాలనిపించింది. ఎన్నికా పరీక్షా అన్నీ అయిపోయి ఎవరూ ఏమీ అడగని రోజొకటి ఉంటే బాగుండుననిపించింది.

శుక్రవారం పెద్ద క్లాసురూములో ఫ్యాన్లు పెద్దగా చప్పుడు చేస్తూ కొంచెమే తిరుగుతున్నాయి. ముందు వరసల్లో ఫస్టియర్, వెనక సెకండియర్, చివర థర్డియర్. మేడం బోర్డు ముందు, ఆమెకు చెరో పక్క ఇద్దరు అభ్యర్థులు. ముఖేష్ ముందు మాట్లాడాడు. గండికోట గురించి చెప్పాడు, ఫ్రెషర్స్ డే గురించి చెప్పాడు. చివర్లో, "చౌడేశ్వరి చెప్పిన జతల మాట కూడా ఆలోచిద్దాం, కానీ ఎవరినీ బలవంతం చెయ్యొద్దు. ఇష్టమున్నోళ్లు చెయ్యి పెడతారు, లేనోళ్లు లేదు," అన్నాడు. గది అంతా చప్పట్లు. బలవంతం లేదంటే ఎవరికి నచ్చదు?

చౌడేశ్వరి ఎక్కువ మాట్లాడలేదు. "ఇప్పుడు కూడా ఎవరినీ బలవంతం చెయ్యడం లేదు. అడుగుతారు, అంతే. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకే రకం పిల్లలను అడుగుతారు. వాళ్లకు వద్దనడం రాదు. నాకూ రాలేదు." ఇంకా ఏదో చెప్పాలనుకుంది కానీ మరిచిపోయింది. వెనక ఎవరో సన్నగా రిగ్గు చప్పుడు చేశారు. మేడం కళ్లెత్తి చూడగానే ఆగిపోయింది.

"ముఖేష్‌కు వేసేవాళ్లు చేతులెత్తండి."

వెనక వరసల చేతులు ముందు లేచాయి. అది ఆమె అనుకున్నదే. మధ్య వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత ముందు వరసల్లో, అనుకున్నదానికంటే ఎక్కువగా, కళ్లద్దాల పిల్లది, ఆ పిల్ల పక్కన ఇద్దరివి. మూడో వరస కొసన ఒక చెయ్యి నిటారుగా లేచింది. లేచేటప్పుడు చుడీదారు చెయ్యి మోచేతి కిందికి జారింది. మడతలో వంకాయ రంగు మచ్చలు, వాటి మీద అంటించిన ప్లాస్టరు ముక్క బోర్డు దగ్గర నుంచి కూడా కనబడ్డాయి.

జాయ్ ఆమె వైపు చూడలేదు. బోర్డు వైపే చూస్తూ, మేడం లెక్కపెట్టడం అయ్యేదాకా చెయ్యి దించలేదు.

తర్వాత చౌడేశ్వరికి వేసేవాళ్లు ఎత్తారు. ఎక్కువే ఎత్తారు, కానీ చాల్లేదు. సుష్మిత పక్కన కూర్చునే అనంతపురం టౌను అమ్మాయి ఒకతె, ఇంతవరకు తనతో నాలుగు మాటలు కూడా మాట్లాడనిది, చెయ్యెత్తింది. ఎందుకెత్తిందో చౌడేశ్వరికి తెలియలేదు. ఐదారు చేతుల తేడాతో ముఖేష్ గెలిచాడు. ఆమె అతనికి చెయ్యి కలిపింది. అతను నిజంగానే ఇబ్బంది పడ్డాడు, "సోమవారం దాకా హాలు తాళం నీ దగ్గరే పెట్టుకో, ప్రాక్టీసు చేసుకో," అంటూ మేడం అప్పుడే ఇచ్చిన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. తాళం కోసమే కదా పోటీ చేసింది. చేతిలోకి వచ్చింది.

"ఆ పిల్లే గదా," అన్నాడు ఓబుళేసు బయట. "నువ్వు నిలబడిందే ఆ పిల్ల కోసం, ఆ పిల్లేమో..."

"ఊరుకోప్పా," అంది చౌడేశ్వరి.

శనివారం మధ్యాహ్నం క్లాసులు లేవు. సగం మంది ఊళ్లకు పోయారు, ఓబుళేసు కూడా పోయాడు. చౌడేశ్వరి హాలు తెరిచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తన ఎడమ చేతికి తనే పట్టీ కట్టుకుంది. ఒక కొస పళ్లతో పట్టుకుని బిగించింది. సిరంజి కుడిచేతిలోకి తీసుకుంది. ఒంటి చేత్తో నరాన్ని బిగబట్టడం కుదరలేదు. సూది ఆనించడం, తియ్యడం, మళ్లీ ఆనించడం. తన చేతికి తను గుచ్చుకోవడానికి ధైర్యం చాలడం లేదో, అసలు దేనికీ ఓపిక లేదో ఆమెకే అర్థం కాలేదు.

"అక్కా."

జాయ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. రమ్మనకపోయినా వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. బయట ట్యాంకులోకి నీళ్లెక్కుతున్న చప్పుడు.

"నేను ముఖేషన్నకు ఎత్తినానక్కా."

"చూసినా."

"నీ మాట అబద్ధమని కాదు. నువ్వు చెప్పేది నిజమే." జాయ్ చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నేను చేరిన కొత్తల్లో క్లాసులో నా పక్కన యెవరూ కూర్చోలేదక్కా. మెస్సులో గూడా. నా పేరు గూడా యెవరికీ తెలీదు. నరం చూసినాంకనే పిలిచినారు. జాయ్ యాడ, జాయ్‌ని రమ్మను అని. ఇప్పుడు క్యాంటీన్‌కు పిలుచుకొని పోతారు. సుష్మితక్క తాను తాగిన బాటిల్‌లోనే నన్ను తాగమంటాది." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గింది. "అందరికీ జతలు పెట్టేస్తే నన్ను యెవరు పిలుస్తారక్కా?"

చౌడేశ్వరి పట్టీ విప్పుకుంది. చెప్పడానికి మాటలు లేకపోలేదు. అట్లాంటి స్నేహం ఎన్నాళ్లు ఉంటుందో ఆమెకు తెలుసు. పరీక్షలు అయ్యేదాకా ఉంటుంది. కానీ అది చెప్పి ఆ పిల్లకు బదులుగా ఏమిస్తుంది? ఈ ఐదు రోజుల్లో జాయ్ గురించి అందరికీ చెప్పింది, జాయ్‌ని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టి ఆమెకు సిగ్గేసింది.

"పోనీలే," అంది.

"కోపమా అక్కా?"

"కోపం లేదు. అలిసిపోయినా."

జాయ్ స్టూలు దగ్గరికి లాక్కుంది. చుడీదారు చెయ్యి పైకి మడిచి, ఎడమ చేతిని బల్ల మీది దిండు మీద పెట్టింది. పిడికిలి బిగించింది. "సోమవారం పరీక్ష గదక్కా నీకు. అందరూ నా చేతిలో తీసినారు, నువ్వొక్కదానివే తియ్యలేదు. తియ్. నా చేతిలో యెవరికైనా వస్తాది."

"వద్దు జాయ్."

"ఆరు నెలలు ఆగిపోతాది గదక్కా," అంది జాయ్. "నాకేం నొప్పి లేదు. నీకు ఇయ్యనీకి నా దగ్గర ఇంకేం ఉండాది?"

వద్దని లేచి పోవాలి. లేచి పోతే ఎంత బాగుండేదో తర్వాత ఎన్నోసార్లు అనుకుంటుంది. ఇంటర్న్‌షిప్ గుర్తొచ్చింది, సంతకు తోలిన పొట్టేళ్లు గుర్తొచ్చాయి, వరండాలో నవ్వు గుర్తొచ్చింది. చేతులు వాటంతట అవే పట్టీ తీసుకుని ఆ పిల్ల చేతికి కట్టాయి. నరం లేచింది. నున్నగా, నిండుగా, వేలు పెడితే కదలకుండా నిలబడింది. మచ్చలు లేని చోటు కోసం కొంచెం వెతకాల్సి వచ్చింది. దూది రుద్దింది. బొటనవేలితో తోలు బిగబట్టింది. సూదిని పడుకోబెట్టింది, ముఖేష్ పడుకోబెట్టినట్టే. తొందరపడకుండా లోపలికి పోనిచ్చింది.

సిరంజిలోకి ఎర్రగా ఎగజిమ్మింది.

మొదటి పోటుకే. చౌడేశ్వరి గొంతులోంచి ఒక చిన్న నవ్వు బయటికి వచ్చేసింది. మూడేళ్లలో మొదటిసారి ఇంత సులువుగా, ఇంత శుభ్రంగా. చేతులు వణకలేదు. ఇదా, ఇంతేనా, ఇంత మాత్రానికేనా అనిపించింది.

"చూసినావా అక్కా, వచ్చినాది," అంది జాయ్. ఆమె కంటే ఆ పిల్ల మొహమే ఎక్కువ వెలిగిపోయింది.

పట్టీ విప్పి, సూది తీసి, దూది పెట్టి నొక్కింది. అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడు, మాటలు. సుష్మిత, ఆమె వెనక ఇంకో ఇద్దరు థర్డియర్ వాళ్లు లోపలికి వచ్చారు. చౌడేశ్వరిని, బల్ల మీది సిరంజిని, దిండు మీద చేతిని చూసి సుష్మిత ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొహమంతా నవ్వు చేసుకుంది. ఎగతాళి కాదు. తనవాళ్లలో ఒకతె అన్నట్టు నవ్వింది.

"వచ్చినాదా? నేను ముందే చెప్తి గదే, ఈ పిల్ల చేతిలో యెవరికైనా వస్తాదని." కొత్త సిరంజి కవరు చించుతూ జాయ్‌కు అవతలి పక్క కుర్చీ వేసుకుంది. "ఈ చెయ్యి ఇంక చాలుగానీ, ఆ చెయ్యి పెట్టు జాయ్."

జాయ్ కుడిచెయ్యి చాపింది. సుష్మిత దానికి పట్టీ కట్టసాగింది.

చౌడేశ్వరి నోరు తెరిచింది. అనవలసిన మాట ఆమెకు తెలుసు, నిన్న బోర్డు ముందు నిలబడి అందరి ముందూ అన్న మాటే. సిరంజిలో రక్తం ఇంకా వెచ్చగా ఉంది. గుచ్చగలిగానన్న సంతోషం ఇంకా పోలేదు. ఎంత తొక్కిపెట్టినా పోవడం లేదు. జాయ్ ఎడమ చేతి మీద దూది నుంచి వేలు తీస్తే రక్తం కారుతుంది. అందుకని లేవకుండా, ఏమీ అనకుండా, నొక్కిపట్టుకుని అక్కడే కూర్చుంది.